కోనసీమలో రగ్బీ సెవెన్స్ టోర్నీ: డబ్బు నిలవాలి, జనం నిలబడి చూడాలి

ఊళ్లో టోర్నీ అనగానే కమిటీ కూర్చుని మొదట తేల్చేది ఫస్ట్ ప్రైజు ఎంత అనే. ఆ అంకె పెద్ద ఫ్లెక్సీ మీద ఎక్కుతుంది, తర్వాత దాన్ని పూడ్చడానికి చందాల పుస్తకం పట్టుకుని తిరుగుతారు. కబడ్డీకి ఇలా ఎలాగో నెట్టుకొస్తారు, ఎందుకంటే కబడ్డీ చూసేవాళ్లు ఊరూరా ఉన్నారు. రగ్బీకి ఇంకా ఆ జనం లేరు. అందుకని రగ్బీలో ప్రైజు మాట ఆఖర్న రావాలి. ముందు గ్రౌండు, తర్వాత జనం, తర్వాత చేతికొచ్చిన డబ్బు, అప్పుడు ప్రైజు.

ఈ వరస తప్పినందుకు పెద్ద పెద్ద క్లబ్బులే మునిగాయి. రగ్బీ యూనియన్ అనే ఈ ఆటలో ఆటగాళ్లకు డబ్బివ్వడానికి అధికారికంగా తలుపు తెరిచింది 1995 ఆగస్టులో. ఆ తర్వాత ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్‌లో మూడు క్లబ్బులు కూలాయి: 2022 సెప్టెంబరులో వూస్టర్ వారియర్స్, అక్టోబరులో వాస్ప్స్, 2023 జూన్‌లో లండన్ ఐరిష్. 13 జట్ల లీగు 10కి పడిపోయింది. కొవిడ్‌లో గేట్లు మూతపడటం, ఆ టైములో తీసుకున్న అప్పులు వాటిని పడగొట్టిన ఆఖరి దెబ్బ మాత్రమే. అసలు జబ్బు అంతకుముందు నుంచీ ఉంది. పదిహేనుమంది ఆడే రగ్బీలో ఒళ్లు హూనమైపోతుంది, వారానికి ఒక మ్యాచ్ మించి ఆడలేరు. దెబ్బలు తగిలేవాళ్లను కూడా లెక్కలో పెట్టుకుని నలభై మంది దాకా ఆటగాళ్లను ఏడాది పొడుగునా జీతాల మీద పోషించాలి. సొంత స్టేడియంలో జరిగే మ్యాచ్‌లేమో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మిగతా వారాల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నా జీతాలు ఆగవు. ఆ లోటు యజమాని జేబులోంచి పూడుస్తూ వచ్చారు. ఆ జేబు ఖాళీ అయిన రోజున క్లబ్బు లేదు.

ఏడుగురు ఆడే సెవెన్స్ పుట్టిందే డబ్బు కరవుకు మందుగా. స్కాట్లండ్‌లోని మెల్రోజ్ అనే చిన్న ఊళ్లో 1883లో అక్కడి క్లబ్బుకు డబ్బు కరవైంది. మాంసం కొట్లో పనిచేసే నెడ్ హేగ్ అనే ఆటగాడు ఒక్క మధ్యాహ్నంలో టోర్నీ అంతా ఆడించేద్దాం అన్నాడు. పదిహేనుమందితో అన్ని మ్యాచ్‌లు ఒక్క పూటలో అవ్వవు కాబట్టి జట్టును ఏడుగురికి కుదించారు, మ్యాచ్ టైము తగ్గించారు. ఒకే గేటు, ఒకే ఖర్చు, బోలెడు మ్యాచ్‌లు. మన డెల్టా ఊళ్లకు సరిపోయేది ఈ లెక్కే. 2025 జూన్‌లో మన దేశంలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా ఈ దారే పట్టింది: హైదరాబాద్‌తో కలిపి ఆరు జట్లు, అందరూ ఆడింది ముంబైలోని అంధేరీ మైదానంలోనే, ఆడింది ఏడుగురి ఆటే.

తేదీ

సంక్రాంతి మూడు రోజులూ వద్దు. భోగి, పండగ, కనుమల్లో బరుల దగ్గరికి పోయే జనాన్ని మీరు తిప్పుకోలేరు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఇంకా చుట్టుపక్కల తీర్థాలు ఉంటాయి, ట్రాఫిక్ కదలదు, పోలీసులూ దొరకరు. ముక్కనుమ తర్వాత పెడితే హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు బస్సెక్కేసి ఉంటారు. పండక్కి ముందొచ్చే శని, ఆదివారాలు అన్నిటికన్నా మంచివి. పిల్లలకు సెలవులిచ్చేసి ఉంటారు, ఊరికొచ్చేవాళ్లు వచ్చేసి ఉంటారు, చేతిలో డబ్బు ఇంకా ఖర్చవలేదు.

జనవరిలో పొద్దున్నే మంచు దట్టంగా పడుతుంది. తడిసిన బంతి చేతిలో నిలవదు, ప్రతి పాసూ జారి ఆట చిరాగ్గా మారుతుంది. పది దాటాకే మొదలుపెట్టండి. సాయంత్రం 5:45 ప్రాంతంలో పొద్దు గూకుతుంది, ఫ్లడ్‌లైట్ల ఖర్చు తప్పాలంటే ఫైనల్ 4:45కి మొదలైపోవాలి.

గ్రౌండు

పూర్తి కొలత 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. రెండు చివర్లా ట్రై కొట్టే జాగా, అంటే గీత దాటి బంతిని నేలకు ఆనించే చోటు, కనీసం 6 మీటర్లు. అంత చోటు మన హైస్కూళ్లలో అరుదు. 80కి 55 దొరికినా ఏడుగురితో ఆడించొచ్చు. అంతకన్నా తక్కువైతే ఏడుగురిని ఇరికించకండి. ఖాళీ లేక అందరూ ఒకరి మీదొకరు పడటమే తప్ప పరుగు కనిపించదు, చూసేవాడికి పరుగే కావాలి. 60కి 40 గ్రౌండులో ఐదుగురి చొప్పున ఆడించండి.

కోసిన వరి మడి ఖాళీగా ఉంది కదా అని దాంట్లో పెట్టొద్దు. పైకి చదునుగా కనిపించినా కింద మోళ్లు ఉంటాయి, పడ్డప్పుడు మొహం చీరుకుపోతుంది. పైగా పక్క మడిలో దాళ్వా నాట్లు పడుంటే నీరు ఊరుతూనే ఉంటుంది. స్కూలు గ్రౌండే మేలు, కానీ నల్లమట్టి ఎండితే బండరాయిలా అవుతుంది. మూడు రోజుల ముందు ట్యాంకరుతో నీళ్లు పెట్టి, మర్నాడు ఒక తేలిక రోలరు తిప్పండి. ఆట రోజు పొద్దున మడమతో గట్టిగా తొక్కితే అచ్చు పడాలి. అచ్చు పడకపోతే మళ్లీ తడపాలి. బురద అంటుకుంటే ఎక్కువైనట్టు, మధ్యాహ్నం దాకా ఆగాలి. అంతర్వేది వైపు, సముద్రానికి దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కాలవ నీళ్లు తెప్పించండి, ఉప్పునీళ్లు పెడితే ఉన్న గడ్డి కూడా మాడిపోతుంది.

నీళ్లు పెట్టే ముందు పదిమంది వరసగా చేతులు చాచినంత దూరంలో నిలబడి గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలి. గాజు పెంకులు, పల్లేరు కాయలు, పాత మేకులు ఏరేయాలి. ఇది కుర్రాళ్లకు విసుగు పుట్టించే పని, కానీ దీన్ని ఎగ్గొడితే మొదటి మ్యాచ్‌లోనే ఎవరి మోచెయ్యో తెగుతుంది.

గోల్ పోస్టులు ఇక్కడే చేయించుకోవచ్చు. రెండు నిలువు పైపుల మధ్య 5.6 మీటర్లు, అడ్డపైపు నేల నుంచి 3 మీటర్ల ఎత్తు, నిలువు పైపులు కనీసం 3.4 మీటర్లు. అయితే అంత పొట్టిగా ఉంటే బంతి లోపలికి వెళ్లిందో లేదో తగాదాలొస్తాయి, 6 మీటర్లు పెట్టించండి. రెండున్నర అంగుళాల జీఐ పైపు సరిపోతుంది, మూడడుగుల గుంట తీసి, పోస్టు దించడానికి అందులో ఒక పెద్ద పైపు ముక్క నిలబెట్టి చుట్టూ కాంక్రీటు పోయాలి. ఫుట్‌బాల్ గోల్‌పోస్టుకు కర్రలు కట్టి సరిపెట్టకండి. దాని అడ్డకర్ర ఎత్తు 2.44 మీటర్లే, కొలతలన్నీ తప్పుతాయి. ప్రతి నిలువు పైపుకీ నేల నుంచి ఆరడుగుల ఎత్తు దాకా మెత్త చుట్టాలి. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి పీచు దొరకనిది ఎప్పుడు? పీచును గోనెల్లో దట్టించి, పైన టార్పాలిన్ చుట్టి, ముడులు వెనక వైపుకు వచ్చేలా తాళ్లతో కట్టండి. ఇనప తీగతో మాత్రం కట్టొద్దు.

శామియానా పడమటి వైపు వేయాలి. మధ్యాహ్నం తర్వాత ఎండ చూసేవాళ్ల వీపు మీద పడుతుంది, కళ్లలో పడదు. ఇది తెలియక తూర్పు వైపు వేసినచోట నాలుగింటికల్లా కుర్చీలన్నీ ఖాళీ అవుతాయి.

జట్లు, టైము

ఎనిమిది జట్లు చాలు. ఒక్కో జట్టులో 12 మంది, గ్రౌండులో ఏడుగురు. ఆట ఏడు నిమిషాల సగాలు రెండు, మధ్యలో రెండు నిమిషాలు. ఆట ఆగే టైము, మార్పులు కలిపి మ్యాచ్‌కు 25 నిమిషాలు వేసుకోండి. శనివారం నాలుగేసి జట్ల గ్రూపులు రెండు, మొత్తం 12 మ్యాచ్‌లు, అంటే 5 గంటలు. పదకొండింటికి మొదలైతే నాలుగింటికి అయిపోతుంది. ఆదివారం రెండింటి నుంచి: కింది నాలుగు జట్లకు ప్లేట్ సెమీస్ రెండు, పై నాలుగింటికి కప్ సెమీస్ రెండు, తర్వాత ప్లేట్ ఫైనల్, మూడో స్థానం మ్యాచ్. ఇవి 4:30కి అవుతాయి, పావుగంటలో పరిచయాలు, 4:45కి ఫైనల్. ఓడిన జట్లను శనివారమే ఇంటికి పంపేయకండి. ఎనిమిది జట్లూ ఆదివారం ఆడితేనే ఎనిమిది ఊళ్ల జనం ఆదివారం వస్తారు. అమ్మాయిల జట్లు రెండున్నా సరే, వాళ్ల మ్యాచ్ 1:30కి వేసి కామెంటరీ దాంతోనే మొదలుపెట్టండి.

రిఫరీలు కనీసం ముగ్గురు ఉండాలి, వరసగా రెండు మ్యాచ్‌లు ఒకరే పరిగెత్తలేరు. రాష్ట్ర రగ్బీ సంఘాన్ని నెల ముందే అడగండి. లైన్ల దగ్గర జెండాలు పట్టేవాళ్లు, టైము చూసే మనిషి వేరే ఉండాలి. టైము చూసే మనిషికి స్కోరు పని కూడా అప్పగిస్తే రెండూ చెడతాయి.

చూసేవాడికి ఆట తెలియాలి

రగ్బీ నియమాలు తెలిసినవాళ్లకే అయోమయం కలిగిస్తాయి. జనం కోసం పెద్ద లీగులు కూడా ఎన్నాళ్లుగానో మార్పులు చేస్తున్నాయి. ట్రైకి 1971 దాకా 3 పాయింట్లే ఉండేవి, ఆ ఏడు 4 చేశారు, 1992లో 5 చేశారు. కిక్కులతో పాయింట్లు ఏరుకునేకంటే బంతి పట్టుకుని పరిగెత్తడం లాభమనిపించాలని. తర్వాత నాలుగు ట్రైలకు బోనస్ పాయింటు, కిక్ కొట్టడానికి గడియారం వచ్చాయి. మీరు ఆ నియమాలన్నీ చెప్పక్కర్లేదు. మైకులో ప్రతి మ్యాచ్ ముందూ ఈ నాలుగు మాటలే, ఇదే వరసలో చెప్పించండి:

“బంతి పట్టుకుని ముందుకు పరిగెత్తొచ్చు, కానీ చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో వేయాలి. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, ఐదు. తర్వాత అడ్డకర్ర పైనుంచి తంతే ఇంకో రెండు. బంతి ఉన్నవాణ్ణే పట్టాలి, పడేశాక వదిలేయాలి.”

ఇంతే చాలు. కబడ్డీ తెలిసిన జనానికి “పట్టు” అనే మాట ఉండగా “ట్యాక్ల్” అనక్కర్లేదు. కామెంటరీ చెప్పేవాడు ఆట ఆగిన ప్రతిసారీ ఎందుకాగిందో ఒక్క ముక్కలో చెప్పాలి: “ముందుకు వేశాడండి, అందుకే బంతి అవతలివాళ్లకు.” గీత దగ్గర నిలబడే జెండా మనిషి చేతికి వాకీటాకీ ఇస్తే ఆ సంగతి వెంటనే కామెంటరీ బల్లకు చేరుతుంది. పెద్ద మ్యాచ్‌ల్లో రిఫరీ మాటలు జనం చెవిలో వినిపించే ఏర్పాటుంది, మనకు ఈ వాకీటాకీ చాలు. ఇంకో సంగతి: సెవెన్స్‌లో ట్రై కొట్టిన జట్టే మళ్లీ బంతి తన్ని ఆట మొదలుపెడుతుంది. ఫుట్‌బాల్ అలవాటున్న జనం దీన్ని తప్పనుకుని అరుస్తారు, మొదటి మ్యాచ్‌లోనే చెప్పేయండి.

తాడు ఎక్కడ కడతారన్నది ముఖ్యం. మన జనం గీత మీదకే వచ్చి నిలబడతారు, గీత దాటి పడే ఆటగాడు పిల్లల మీద పడతాడు. గీతకు 5 మీటర్ల అవతల సరుగుడు కర్రలు పాతి తాడు కట్టండి. ఇనప రాడ్లు వద్దు. తాడు అవతలే ముందు వరసలో పిల్లల్ని కింద కూచోబెట్టి, వాళ్ల వెనక పెద్దవాళ్లు నిలబడేలా చూస్తే మూడు వరసలు పడతాయి.

ఆడవాళ్లకు విడిగా నీడ, కుర్చీలు, శుభ్రంగా ఉన్న మరుగుదొడ్డి లేకపోతే సగం ఊరు రాదు. ఈ పని ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అయినా కమిటీలు మరిచిపోయేది ఎప్పుడూ దీన్నే.

డబ్బు

గేటు దగ్గర టికెట్ పెట్టకండి. తెలియని ఆటకు జేబులో చెయ్యి పెట్టరు. నిలబడి చూడటం ఉచితం, నీడలో కుర్చీకి రోజుకు 50 రూపాయలు. స్పాన్సరుకు కావాల్సింది తలలు, ఆ తలల్ని గేటు దగ్గరే ఆపేస్తే బోర్డు డబ్బు కూడా పోతుంది.

ఒక ఉదాహరణ లెక్క చూడండి, మీ ఊరి రేట్లు వేసి మార్చుకోండి. గ్రౌండు తడపడం, రోలరు, గీతల ముగ్గు 15,000. పోస్టులు, మెత్తలు 22,000. కుర్చీలు 300 రెండు రోజులకు 6,000, శామియానా 20,000, మైకు 8,000, జనరేటర్ 6,000. ఆటగాళ్లు, రిఫరీలు, పనివాళ్లు 116 మందికి రోజుకు ఒక టిఫిన్, ఒక భోజనం 170 చొప్పున రెండు రోజులకు 39,440. పడక స్కూలు గదుల్లో. రిఫరీలు, లైన్‌మన్లు ఐదుగురికి 15,000. అంబులెన్స్, డాక్టరు, ఐసు 20,000. బంతులు ఆరు 9,000. ప్రచారం 12,000. ప్రైజులు తప్ప 1,72,440 అయింది. కమిటీ 60,000 ప్రైజులు అనుకుంది, 2,32,440. ఎప్పుడూ పైన పదో వంతు పక్కన పెట్టాలి, అది కలిపితే సుమారు 2,55,700.

రాబడి: జట్ల ఎంట్రీ 3,000 చొప్పున 24,000. ముఖ్య స్పాన్సరు 60,000. చిన్న బోర్డులు ఆరు, 10,000 చొప్పున 60,000. తినుబండారాల కొట్లు 12, రోజుకు 1,500 చొప్పున 36,000. కుర్చీలు నిండుగా అమ్ముడైతే 30,000 గానీ పదింట ఆరు వంతులే వేసుకోండి, 18,000. బియ్యం, కొబ్బరికాయలు, కూరగాయలు ఇచ్చే దాతల సాయం 40,000 విలువ. మొత్తం 2,38,000.

17,700 తక్కువ పడింది. ఇక్కడ కమిటీలో ఎవరో ఒకరు “ఆదివారం జనం ఎక్కువొస్తారు, పూడుతుంది” అంటారు. కూలిన క్లబ్బుల యజమానులూ ఏటా అనుకున్నది ఇదే, వచ్చే ఏడు పూడుతుందని. రాని డబ్బు మీద మాటివ్వకండి. ప్రైజులు 40,000కి దించండి. అప్పుడు ఖర్చు పదో వంతుతో కలిపి 2,33,700 దగ్గర ఆగుతుంది, లెక్క సరిపోతుంది. ప్రైజులు మొత్తం రాబడిలో ఐదో వంతు దాటకూడదని తీర్మానం రాసుకుంటే ఈ వాదన ప్రతి ఏడూ రాదు. ఫ్లెక్సీ ప్రింటుకు వెళ్లేది స్పాన్సరు డబ్బు ఖాతాలో పడ్డాకే.

ఇంగ్లండ్, ఫ్రాన్స్ లీగుల్లో జట్టు జీతాలకు పై హద్దు ఉంటుంది. మీ హద్దు ఇది: జట్టులో బయటి ఆటగాళ్లు ఇద్దరు మించకూడదు. లేకపోతే డబ్బున్న జట్టు రోజు కూలికి పదిమందిని తెచ్చి నలభై పాయింట్లతో గెలుస్తుంది. అలాంటి మ్యాచ్ రెండో సగంలో జనం బజ్జీల కొట్ల వైపు వెళ్లిపోతారు. ఆధార్ చూసి ఊరు సరిచూడాలి, ఫిర్యాదు వచ్చాక కాదు, శనివారం పొద్దునే.

స్పాన్సర్లుగా రొయ్యల మేత డీలర్లు, రైసు మిల్లులు, బట్టల షాపులు, నగల దుకాణాలు వస్తారు. వాళ్లకు “చాలా మంది వచ్చారు” అంటే చాలదు. గంటకోసారి లెక్కపెట్టండి: తాడు వెంట ఒక మీటరుకు ఇద్దరు, మూడు వరసలుంటే ఆరుగురు. 150 మీటర్ల తాడు నిండితే 900 మంది. రెండు రోజులూ నాలుగింటికి వాటర్ ట్యాంకు మీద నుంచి ఒక ఫోటో తీసి, లెక్కతో పాటు సోమవారమే పంపండి. వచ్చే ఏడు ఫోను మీరు చేయక్కర్లేదు.

ఖాతా ఒకటే ఉండాలి, ముగ్గురిలో ఇద్దరి సంతకంతో నడవాలి. కుర్చీల కౌంటరు, కొట్ల అద్దె, అన్నిటికీ అదే క్యూఆర్. కాగితం మీద ప్రింటు వేసి గోడకు అంటిస్తే దాని మీద ఎవరో తమ క్యూఆర్ అంటించేస్తారు. చేతిలో పట్టుకునే అట్ట మీద వేసి, పడిన సొమ్ము పలికే స్పీకరు బల్ల మీద పెట్టండి. స్పీకరు పలకకుండా కుర్చీ చీటీ ఇవ్వొద్దు. పందేల మాట వినిపిస్తే మైకులోనే ఆపేయండి. ఒకసారి పందెం దిగితే రిఫరీకి రక్షణ ఉండదు, మరుసటి ఏడు స్కూలు గ్రౌండు ఇవ్వరు.

దెబ్బలు

కబడ్డీ కుర్రాళ్లు పట్టు బాగా పడతారు, కానీ రెండు అలవాట్లు ప్రమాదం. ఒకటి, పడేశాక వదలరు. రగ్బీలో వెంటనే వదలాలి, లేకపోతే పెనాల్టీ. రెండోది, పక్కనుంచి పట్టేటప్పుడు తలను పరిగెత్తేవాడి ముందుకు పెడతారు, మోకాలు వచ్చి తలకు తగులుతుంది. తల ఎప్పుడూ వాడి వెనక వైపు ఉండాలి, చెంప వాడి తుంటికి ఆనాలి. టోర్నీకి ముందు రెండు వారాలు మోకాళ్ల మీద కూచుని ఇదొక్కటే సాధన చేయించండి. భుజం పైకి పట్టు పడితే తప్పు. కొత్త జట్లకు రొమ్ము కిందికే అని మీ టోర్నీలో హద్దు పెట్టండి.

తలకు దెబ్బ తగిలి తూలినవాడు, మాట తడబడ్డవాడు, ఏం జరిగిందో గుర్తులేనివాడు మళ్లీ ఆ టోర్నీలో దిగకూడదు. “బానే ఉన్నానండి” అని వాడంటాడు, ఊరి పెద్దలు కూడా అంటారు. నిర్ణయం డాక్టరుదే, కెప్టెన్‌ది కాదు. అంబులెన్స్ గేటు లోపల, దారి ఖాళీగా ఉండాలి. కొట్ల బళ్లు ఆ దారిలో ఆగకుండా ఒక మనిషిని పెట్టండి.

కప్పు, లెక్క

ప్రతి ఏడూ ప్లాస్టిక్ కప్పులు కొనే బదులు ఒక రోలింగ్ కప్పు చేయించండి. కలకత్తాలో ఒక రగ్బీ క్లబ్బు సభ్యులు తగ్గిపోయి 1878లో మూతపడుతూ, ఖాతాలో మిగిలిన 270 వెండి రూపాయలు కరిగించి కప్పు చేయించింది. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఇంగ్లండ్, స్కాట్లండ్ 1879 నుంచీ దాని కోసమే ఆడుతున్నాయి. మీ కప్పు ఇత్తడిదైనా చాలు, గెలిచిన ఊరి పేరు, ఏడు చెక్కించడానికి చుట్టూ పట్టీ ఉండేలా చేయించండి.

వారంలోగా జమాఖర్చు కాగితం, బిల్లుల జిరాక్సులతో, స్కూలు గోడ మీదా రామాలయం దగ్గరా అంటించాలి. మిగిలిన డబ్బు ఖాతాలోనే ఉంచి, బంతులు పీఈటీ మాస్టారికి అప్పగించండి. పోస్టులను కాంక్రీటులో నేరుగా నిలబెట్టకుండా, ముందే గుంటలో ఒక పెద్ద పైపు ముక్క పెట్టి దాంట్లో దించితే ఊడదీయడం సులువు. సోమవారం పోస్టులు తీసి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసి, వరండాలో కట్టి పెట్టండి. ఆ పైపు నోళ్లకు మూతలు బిగించి పైన మట్టి కప్పండి. బడి తెరిచిన రోజున పరిగెత్తే పిల్లల కాళ్లు అందులో పడకూడదు.